డెబ్బై ఒకటో నిమిషం

ఆదివారం పాస్టరుగారు ఆశీర్వచనం చెప్పి, ఎత్తిన చేతులు దించేలోపలే దయాసాగర్ చర్చి మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటూ ఉంటాడు. తెల్లచొక్కా లోపల ఎర్ర జెర్సీ తొడుక్కుని ఉంటాడు. ఆ ఎరుపు చొక్కాలోంచి లీలగా కనిపిస్తూనే ఉంటుంది. అందుకని ఆ రోజు ఆట ఉందో లేదో తెలుసుకోవడానికి సంఘంలో ఎవరూ పేపరు చూడరు, దయాసాగర్ వీపు చూస్తారు. ఇంటికి పోయి నాలుగు ముద్దలు తిని, మూడు గంటలకల్లా గ్రౌండులో తూర్పు స్టాండు మూడో వరసలో కూర్చుంటాడు. మిగతా ఆరు రోజులూ వేబ్రిడ్జి దగ్గర పని. ఖనిజం నింపుకున్న లారీ ఇనప పలక మీదికొచ్చి నిలబడితే తూకం చూసి చీటీ ఇవ్వడం. ఇరవై ఆరేళ్ళుగా సండూరు కొండల్ని లారీ లారీగా తూచి కిందికి పంపినవాడు. అంత బరువు చూసినవాడికి ఒక్క ఫుట్‌బాల్ జట్టు మాత్రం గుండె మీద కూర్చుని దిగదు.

కెంపుగుడ్డ ఎఫ్.సి. అంటే కాలేజీ కుర్రాళ్ళ టీం కాదు. జీతాలిచ్చి ఆడించే జట్టు. మణిపూర్ నుంచి ముగ్గురు, కేరళ నుంచి నలుగురు, ఘనా దేశం నుంచి ఒక స్ట్రైకరు. ఓనరు బెంగళూరులో ఉంటాడు. పది జట్ల లీగులో వీళ్ళ చోటు కింది నుంచి లెక్కపెడితే తొందరగా దొరుకుతుంది. కెంపుగుడ్డ అంటే కన్నడంలో ఎర్రకొండ. తెలుగువాళ్ళు మాత్రం ఎర్రగుడ్డ అనుకుంటారు. ఎర్రగుడ్డ చూస్తే ఎద్దులు మీదికి రావడం మామూలేగా అని ఓడినప్పుడల్లా సర్దిచెప్పుకుంటారు.

దయాసాగర్ అట్లా సర్దుకునే రకం కాదు. ప్రతి సోమవారం క్లబ్బు మేనేజరు గురురాజ్‌కి ఒక ఉత్తరం రాస్తాడు. మన స్ట్రైకరు ఐదడుగుల నాలుగంగుళాల మనిషి, అతని తల మీదుగా బాలు కొడితే అతను నిచ్చెన ఎక్కి అందుకోవాలా అని ఒక వారం. ఎడమవైపు ఆడే ముగ్గురూ కుడికాలి వాళ్ళే, ఎడమకాలి చెప్పు కుడికాలికి తొడిగి పరుగెత్తమంటే ఎట్లా అని ఇంకో వారం. నాలుగు నెలల్లో నలుగురు కోచ్‌లు మారారు, ఒకాయన ముందుకు పొమ్మంటాడు, ఒకాయన వెనక్కి రమ్మంటాడు, పిల్లలు నడిమధ్యలో నిలబడి బస్సు కోసం చూస్తున్నట్టు చూస్తున్నారు, దయచేసి ఎవరో ఒకర్ని ఏడాదిపాటు ఉండనివ్వండి అని మరో వారం. ఆటగాళ్ళని పెట్టిన లాడ్జి లారీల రోడ్డు పక్కనే ఉంది, వాళ్ళకి నిద్ర ఎక్కడిది అని కూడా రాశాడు. మొదటి ముగ్గురు కోచ్‌లు మాత్రం ఆడలేక మద్దెల ఓడన్నట్టు గ్రౌండు ఎగుడుదిగుడని చెప్పి వెళ్ళిపోయారు. గురురాజ్ మంచివాడే. ప్రతి ఉత్తరానికీ జవాబు ఇస్తాడు. మీ సలహా పైకి పంపించాం అని ఒకటే వాక్యం. పైనున్నవాళ్ళకి అది చెవిటివాడి ముందు శంఖమే. ఉత్తరాలు నలభై అయ్యాయి, జట్టు ఎక్కడిదక్కడే ఉంది. దాన్ని బాగుచేసే దారి తనొక్కడికే తెలుసని దయాసాగర్ నమ్మకం. ఆ నమ్మకం లేని అభిమాని ఎక్కడైనా ఉన్నాడంటే అతను టిక్కెట్టు కొని ఉండడు.

గ్రౌండుకి ఎదురుగా ఒక కొండ ఉంది. అది అరుపులు దాచుకుంటుంది. కొత్తగా వచ్చిన ఆటగాళ్ళకి నీళ్ళ కుళాయి ఎక్కడుందో, బట్టలు మార్చుకునే గది ఎక్కడుందో చెప్పేటప్పుడు ఈ సంగతీ ఒకసారి చెబుతారు. స్టాండులో అరిచిన అరుపు ఆ కొండకి తగిలి వెంటనే తిరిగిరాదు. ఏడాది ఉండి వస్తుంది. తేదీ లెక్క కాదు, ఆట లెక్క. పోయినేడాది మొదటి ఆటలో అరిచింది ఈ ఏడాది మొదటి ఆటలో, అదే నిమిషానికి వస్తుంది. రెఫరీ విజిల్ ఊదాడంటే కొండ కూడా మొదలుపెడుతుంది. ఒకసారి తిరిగి ఇచ్చేసిందాన్ని మళ్ళీ ఇవ్వదు. గత సీజను అరుపులకు యాజమాన్యం బాధ్యత వహించదు అని టిక్కెట్టు వెనక చిన్నక్షరాల్లో అచ్చువేశారు. ఒకసారి ఒక నాయకుడు హాఫ్ టైములో మైకు పట్టుకుని ఊరికి ఏమేం చేస్తాడో చెప్పిపోయాడు. మరుసటేడు అదే హాఫ్ టైముకి బ్యాండుమేళం పంపించాడు. ఏడాది నిలవున్న గొంతు కదా, కొండ మాట సన్నగా వస్తుంది. జనం గట్టిగా అరుస్తుంటే వినపడదు. ఆ సంగతి అందరికంటే ముందు నాయకులకి తెలిసింది.

దయాసాగర్ భార్య సరోజమ్మ మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. కాన్పుల వార్డులోనే ముప్పై ఏళ్ళు. ఆమె ఆటకి రావడం మొదలుపెట్టింది ఆట మీద మోజుతో కాదు. ప్రభువు దినాన మొగుడు నోరు పారేసుకోకుండా కాపలా కాయడానికి. మూడో ఆటకల్లా కాపలాదారే లేచి నిలబడి అరిచింది. చర్చిలో కీర్తన ఎత్తే గొంతు అది, గోడ అవతల వాళ్ళు కూడా కలిసి పాడుకునేంత గొంతు. గోల్‌కీపర్ చేతుల్లోంచి బాలు జారబోతే, అప్పుడే పుట్టిన బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకోప్పా అని అరిచేది. దగ్గరున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. గోల్‌కీపర్ మాత్రం తల ఊపేవాడు.

పోయిన వేసవిలో ఆమె గొంతులో గడ్డ లేచింది. బెంగళూరులో ఆపరేషను చేసి ప్రాణం నిలబెట్టారు గానీ స్వరపేటిక తీసేయక తప్పలేదన్నారు. ఇప్పుడామె మెడ దగ్గర చిన్న రంధ్రం, దాని మీద పల్చటి నూలుగుడ్డ. ఊపిరి అక్కణ్ణించే. చెప్పాల్సింది ఏదైనా ఉంటే దయాసాగర్ తెచ్చే పాత తూకం చీటీల వెనక రాసి చూపిస్తుంది. కొన్నాళ్ళకి అలవాటవుతుందని డాక్టర్లు చెప్పారు. ఎవరికి అలవాటవుతుందో చెప్పలేదు. ఫోనులో ఆమె పాట ఒక్కటైనా పట్టి పెట్టుకోలేదు దయాసాగర్. ఎప్పుడు ఫోను ఎత్తినా, దేవునికి పాడేదాన్ని డబ్బాలో పెడతావా అని కసిరేది. ముప్పై నాలుగేళ్ళు ఆ గొంతు ఇంట్లో ఉంటే దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? పొద్దున కాఫీకి పిలిచేది, కరెంటు బిల్లు గుర్తుచేసేది, నిద్రలో ఎవరి కాన్పో చేస్తూ కలవరించేది, అంతా పోయింది. మిగిలింది కొండలో ఉన్నదే.

అందుకని ఈ ఏడాది దయాసాగర్ స్టాండులో నోరు విప్పలేదు. ఒకప్పుడు లైన్స్‌మన్ సైతం అతని వైపు రావడానికి జంకేవాడు. అలాంటి మనిషి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కొండకేసి చెవి ఒగ్గి కూర్చున్నాడు. మొదటి ఆట పన్నెండో నిమిషంలో ఆమె గొంతు వచ్చినప్పుడు అతనికి బంతి కనిపించలేదు, ఏమీ కనిపించలేదు. పక్కనున్నవాళ్ళు అది చూశారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు గానీ రెండో ఆట నుంచి తూర్పు స్టాండు మొత్తం మూగనోము పట్టింది. పెద్దాయన భార్య గొంతు వినాలి, మనం అరవకూడదు. జట్టు ఓడిపోతూ ఉంది కాబట్టి మిగతా స్టాండుల్లో ఎలాగూ జనం లేరు. ఎనిమిది ఆటలు అట్లా గడిచాయి. ఎనిమిది ఆటల్లోనూ సరోజమ్మ కొండలోంచి మాట్లాడింది. ఇంటికొచ్చి అతను ఆమెకి చెప్పేవాడు, ఈ రోజు నువ్వు ఫలానా మాటన్నావు అని. ఆమె వినేది గానీ తను మాత్రం వచ్చేది కాదు. మెడకి దుమ్ము పడదని వంక. ఒకసారి మాత్రం చీటీ వెనక అసలు మాట రాసింది. పోయినదాన్ని విని మళ్ళీ ఇంటికి ఎట్ల రావల్ల?

ఇక ఈ గ్రౌండులో మిగిలింది తొమ్మిదో ఆట, సీజనులో ఆఖరిది. పోయినేడు ఆమె అరిచిన చివరి ఆట. క్లబ్బుకీ అదే చివరిదేమో తెలియదు. జట్టు అట్టడుగు నుంచి ఒక్క పాయింటు తేడాలో వేలాడుతోంది. ఇది డ్రా చేసుకుంటే లీగులో ఉంటారు. ఓడితే ఓనరు జట్టుని ఎత్తేస్తాడని, గ్రౌండు ఖనిజం పోసుకునే యార్డు అవుతుందని గురురాజ్ దిగులుగా చెప్పాడు. ఆట లేకపోతే రెఫరీ ఉండడు, విజిల్ ఉండదు, కొండ ఊరికే కొండలా నిలబడుతుంది.

కానీ దయాసాగర్‌కి ఆ తొమ్మిదో ఆట మీద ఎంత ఆశో అంత భయం. పోయినేడు ఆ ఆటలో జరిగింది అతనొక్కడికే కాదు, ఊరందరికీ గుర్తుంది.

గోల్‌కీపర్ పరశురామ్ చోరనూరు కుర్రాడు. జట్టు మొత్తంలో స్థానికుడు అతనొక్కడే. తండ్రి దురుగప్ప లారీ డ్రైవరు. రోజూ దయాసాగర్ వేబ్రిడ్జి మీద లారీ ఆపి, తూకం అయ్యేలోపల కొడుకు ఎన్ని గోల్స్ ఆపాడో చెప్పి పోయేవాడు. పోయినేడు జనవరిలో ఘాటు దిగుతుండగా అతని లారీకి బ్రేకు పోయింది. ఎదురుగా నిండు బస్సు. దురుగప్ప స్టీరింగు తిప్పి లారీని బండకి కొట్టాడు. బస్సులో నలభైమంది ఇళ్ళకి చేరారు, అతను చేరలేదు. రెండు నెలలు తిరక్కుండానే తొమ్మిదో ఆట. స్కోరు ఒకటి ఒకటి. డెబ్బై ఒకటో నిమిషంలో పసిపిల్లవాడు పట్టే బాలు పరశురామ్ చేతుల్లోంచి జారి లోపలికి పోయింది. అప్పుడు దయాసాగర్ లేచి నిలబడి అరిచాడు. నాయన చేతిలో బ్రేకు నిలబడలా, కొడుకు చేతిలో బాలు నిలబడలా.

ఎట్లా వచ్చిందో ఆ మాట, పాటలా వచ్చింది. పాటలా వచ్చింది కాబట్టే జనం అందుకున్నారు. ఐదు నిమిషాలు స్టాండు స్టాండంతా అదే. గేటు దగ్గర పరశురామ్ తల్లి మారెక్క మిరపకాయ బజ్జీలు వేస్తూ, బొరుగులు కలిపి అమ్ముతూ ఉండేది. ఆమె పొయ్యి మీది బాణలి దించి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ తరువాత గేటు దగ్గరికి రాలేదు. తిలా పాపం తలా పిడికెడు అని అరిచినవాళ్ళందరూ పంచేసుకున్నారు గానీ మొదటి నోరు ఎవరిదో దయాసాగర్‌కి తెలుసు. వచ్చేవారం పోయి ఆ తల్లికి చెప్పుకుందాం, తప్పయిందని చెప్పుకుందాం అనుకుంటూనే ఏడాది గడిపేశాడు.

ఆ నిమిషంలోనే సరోజమ్మ కూడా లేచింది. అతని భుజం మీద చెయ్యేసి ఏదో చాలాసేపు అరిచింది. అతనికి వినపడలేదు, తన అరుపులో తనే ఉన్నాడు. ఆ రోజు ఇంటికి నడిచి పోతున్నంతసేపూ ఆమె మాట్లాడలేదు. నెల తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది, తరువాత ఆసుపత్రి. ఆమె లోకంలో గట్టిగా అన్న చివరి మాట అది. వినాలని అతను ఎంతగా తపించిపోతున్నాడో ఆ మాట, ఎవరూ వినకూడదని ఎంతగా ప్రార్థిస్తున్నాడో ఆ తన మాట, రెండూ కొండలో ఒకే నిమిషంలో ఇరుక్కుని ఉన్నాయి.

ఆటకి ముందు గురువారం మధ్యాహ్నం పరశురామ్ స్కూటరు మీద వేబ్రిడ్జి దగ్గరికి వచ్చాడు. తండ్రి స్నేహితుడని చిన్నాయనా అనే పిలుస్తాడు, ఆ పాట తరువాత కూడా ఆ పిలుపు మానలేదు. మానేసి ఉంటే బాగుండేదని దయాసాగర్ చాలాసార్లు అనుకున్నాడు. టీ తెప్పించాడు. కుర్రాడు గ్లాసు పట్టుకుని తూకం పలక కేసి చూస్తూ నిలబడ్డాడు. వాళ్ళ నాయన లారీ ఆగే చోటు అది.

"ఆదివారం మా యమ్మ ఆటకి వస్తాంది చిన్నాయనా. ఇదే కడపటి ఆటేమోనని తనకీ తెలుసు. వద్దని ఎట్ల చెప్పేది?"

దయాసాగర్ మంచిదేప్పా అన్నాడు. ఆ మాట తనకే అసహ్యంగా వినిపించింది. తరువాత, కొండ నిన్ను బాధపెడుతోందా అని అడిగాడు, ఏడాది ఆలస్యంగా.

"నాకేం, అలవాటయిండాది. గోలు కాడ ఒంటిగా నిలబడింటాం కదా, కొండ నా ఒక్కనితోనే మాట్లాడినట్లుంటాది. తక్కినోళ్ళకి భాష తెలీదు, నాకు తెలుసు. ఈ ఏడు మీరంతా గమ్మునుండారు, అందుకే పోయినేటి తిట్లు ఒక్కొక్కటీ తెలుస్తాండాది." ఫిర్యాదులా కాదు, ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు చెప్పాడు. గ్లాసు కింద పెట్టి స్కూటరు మీద కూర్చున్నాడు. "ఆ నిమిషానికి నేను చెవుల్లో దూది పెట్టుకుంటా చిన్నాయనా. మా యమ్మ చెవుల్లో ఏం పెట్టల్ల?"

దయాసాగర్ నోరు తెరిచాడు. అరుస్తాం నాయనా, ఆ నిమిషం స్టాండంతా అరుస్తాం, ఒక్క మాట కూడా వినపడనియ్యం అని చెప్పడం ఎంత సులువు. మాట పెదవి దాటలేదు. కుర్రాడికి అర్థమయింది.

"చిన్నమ్మ గొంతు గూడా ఆడనే ఉండాదని నాకు తెలుసు. నిన్నేమీ అడగను" అని స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

వెనక లారీ హారను కొడుతోంది. దయాసాగర్ ఒక లారీ చీటీ ఇంకో లారీకి ఇచ్చాడు, ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి. జట్టు ఎందుకు బాగుపడడం లేదో నలభై ఉత్తరాలు రాసినవాడికి ఆ మధ్యాహ్నం తెలిసింది. కోచ్ కాదు, ఎడమకాలు కాదు, లాడ్జి కాదు. పోయినేడు తను అరిచాడు, ఈ ఏడు తను ఊరుకున్నాడు. ఊరు అతని మీద దయతో ఊరుకుంది, ఆ నిశ్శబ్దంలో పిల్లవాడు ఆట ఆటకీ తిట్లు తిన్నాడు. నలభై ఒకటో ఉత్తరం రాయాల్సింది గురురాజ్‌కి కాదు.

ఇంటికి పోయి సరోజమ్మకి అంతా చెప్పాడు. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది. తుంచడం ఆపలేదు. అతను చెప్పడం అయిపోయాక చేట పక్కకి జరిపి, చీటీ తీసుకుని రాసింది. నేనూ వస్తా.

దుమ్ము అన్నాడు. గుడ్డ రెండు మడతలేసుకుంటా అని రాసింది. చివరికి తన గొంతు తను వినాలని ఆమెకీ అనిపించిందేమో అనుకున్నాడు. ఇద్దరూ కలిసి వినొచ్చు అనే సంతోషం ఒక క్షణం పొంగింది. మరుక్షణం మారెక్క గుర్తొచ్చి ఆ సంతోషానికి సిగ్గుపడ్డాడు. శుక్రవారం గడిచింది, శనివారం గడిచింది. ఆ నిమిషంలో అరవండి అని స్టాండులోవాళ్ళకి ఒక్క ఫోను చేస్తే చాలు. చేయలేకపోయాడు. ప్రార్థన చేసుకుందామన్నా ఏమని అడగాలో తెలియలేదు, ఏది అడిగినా ఇంకొకటి పోతుంది.

ఆదివారం గ్రౌండు సగం నిండింది. ఆఖరి చూపు చూసి పోదామని వచ్చిన జనం. మారెక్క గేటు దగ్గర కింది వరసలో ఒంటరిగా కూర్చుంది, తల మీద కొంగు, ఒళ్ళో ఖాళీ చేతులు. సరోజమ్మ మెడకి నూలుగుడ్డ మడిచి కట్టుకుని మూడో వరసలోకి వస్తుంటే జనం లేచి దారిచ్చారు. ఆమె వచ్చిందంటే ఇక చెప్పాలా, తూర్పు స్టాండు దగ్గడం కూడా మానేసింది.

ఇరవై మూడో నిమిషంలో మణిపూర్ కుర్రాడు బాలు తలతో వెనక్కి ఇచ్చాడు, పరశురామ్ వంగి అందుకున్నాడు. కొండలోంచి ఆమె గొంతు వచ్చింది. బిడ్డను పట్టుకున్నట్టప్పా, బిడ్డను పట్టుకున్నట్టు. గుండ్రటి గొంతు, కొంచెం నవ్వు కలిసిన గొంతు. సరోజమ్మ చెయ్యి మెడ మీది గుడ్డ దగ్గరికి పోయింది. చాలాకాలం తరువాత బస్సులో చిన్ననాటి స్నేహితురాలు కనిపిస్తే చూసినట్టు కొండ కేసి చూసింది. దయాసాగర్ ఏడ్చాడు. ఏడుస్తున్నానని దాచుకోలేదు కూడా.

హాఫ్ టైముకి గోల్స్ లేవు. రెండో సగంలో ఎదుటి జట్టు మీదమీదికి వచ్చింది. మనవాళ్ళు ఎవరికి వారే యమునా తీరే. అరవై ఎనిమిది, అరవై తొమ్మిది. దయాసాగర్ ఆట చూడడం మానేసి స్కోరుబోర్డు మీది గడియారమే చూస్తున్నాడు. డెబ్బైలో ఎదుటివాళ్ళకి కార్నరు వచ్చింది. గోలు ముందు పదిహేనుమంది తోసుకుంటున్నారు. పరశురామ్ చెవుల్లో తెల్లటి దూది దూరానికి కూడా కనిపించింది.

డెబ్బై ఒకటి. కొండ నోరు తెరిచింది. ముందు పోయినేటి జనం ఉసూరుమన్న చప్పుడు. తరువాత ఒకే ఒక్క మగ గొంతు, నాయన చేతిలో బ్రేకు నిలబడలా. ఇంత నీచంగా ఉంటుందా నా గొంతు అనుకున్నాడు దయాసాగర్. కింది వరసలో మారెక్క తలెత్తి కొండ వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడే ఆ గొంతు వెనక ఇంకో గొంతు లేచింది. ఆడ గొంతు. ఒక్క అక్షరం, ఇంకా మాట కాలేదు.

దయాసాగర్ ముందుకి వంగాడు. ఆ క్షణం అతనికి మారెక్క లేదు, పరశురామ్ లేడు, క్లబ్బు లేదు. ఆ అక్షరం వెనక రాబోయే మాట కావాలి, అంతే. పాపమైనా సరే కావాలి.

పక్కన సరోజమ్మ వంగింది. కాలి చెప్పు తీసింది. స్టాండు ముందు రెయిలింగుకి సిమెంటు కంపెనీ రేకు బోర్డు కట్టి ఉంది. ఆమె రెండు వరసలు దిగి, సంఘంలో స్త్రీల కూడికకి పెద్దగా ఉండే మనిషి, అందరూ చూస్తుండగా ఆ చెప్పుతో రేకు మీద కొట్టింది. ఒకటి, రెండు, మూడు. మెడ మీది గుడ్డ ఊపిరికి ఎగిరెగిరి పడుతోంది. కొడుతూనే వెనక్కి తిరిగి మొగుడి కేసి చూసింది. ఆ చూపు దయాసాగర్‌కి చీటీ వెనక రాసి చూపించనక్కర్లేదు.

అతను లేచాడు. ఏడాదిగా వాడని గొంతు, తుప్పుపట్టిన గేటులా కిర్రుమని తెరుచుకుంది.

"పరశురామా, మీ నాయన నలభైమంది పానాలు కాపాడినోడప్పా. దురుగప్ప కొడుకువి నువ్వు. దురుగప్ప కొడుకువి."

పక్కవాడు చెప్పు తీశాడు. ఆ పక్కవాడు తీశాడు. తూర్పు స్టాండంతా రేకుల మీద, బెంచీల మీద, చేతికందిన దాని మీద బాదుతూ దురుగప్ప పేరు అరిచింది. పడమటి స్టాండు అందుకుంది. ఆ మోతలో కొండ ఏమన్నదో ఎవరికీ వినపడలేదు, ఏ మాటా వినపడలేదు. కార్నరు బాలు గాల్లో తిరుగుతూ వచ్చింది. పదిహేనుమంది తలల పైకి పరశురామ్ లేచి, రెండు చేతులతో దాన్ని అందుకుని, గుండెకి అదుముకుని కింద పడ్డాడు. లేచేటప్పుడు చెవుల్లో దూది లేదు.

ఆ మిగతా పంతొమ్మిది నిమిషాలు జనం కూర్చోలేదు. ఆట సున్నా సున్నా. ఇంత అందమైన సున్నాలు చూడలేదని గురురాజ్ అందరి చేతులూ పట్టుకుని ఊపాడు. దయాసాగర్ మెట్లు దిగి గేటు దగ్గరికి పోయాడు. మారెక్క ముందు నిలబడి చేతులు జోడించాడు. 

"ఆ మాట ఎత్తింది నేనేనమ్మా" అన్నాడు.

"తెలుసప్పా" అంది మారెక్క. "ఈ మాట ఎత్తింది గూడా నువ్వే కదా."

ఇంటికి నడుస్తుంటే రోడ్డంతా ఎర్రదుమ్ము. సరోజమ్మ కొంగు మెడకి అడ్డం పెట్టుకుని నడిచింది. సగం దారి దాకా ఓర్చుకుని దయాసాగర్ అడిగాడు. అప్పుడు ఏమన్నావు సరోజా, పోయినేడు, నా భుజం మీద చెయ్యేసి. ఆమె దుకాణం అరుగు మీద ఆగి చీటీ తీసి రాసింది. నిన్నే తిట్టినా.

ఏమని అని అడిగాడు. ఆమె చప్పుడు లేకుండా నవ్వి చీటీ మడిచేసింది. ఆ తిట్టు ఇక లోకంలో ఎక్కడా లేదు. దాని కోసం ఏడవడానికి అతను ఇంటికొచ్చాక చొక్కా మార్చుకునే నెపంతో లోపలి గదిలో చాలాసేపు ఉండిపోయాడు. అంతకంటే మంచి మాటేదో ఉంటుందని కాదు. ఆ గొంతులో తిట్టించుకోవడమే కావాలి అతనికి.

జట్టు లీగులో నిలిచింది. పరశురామ్‌కి ఇంకో మూడేళ్ళు ఒప్పందం ఇచ్చారు. జట్టు నిలబడింది తన వ్యూహం వల్లేనని నాలుగో కోచ్ పేపరువాళ్ళకి చెప్పాడు. చెప్పుకోనీ. మరుసటి ఏడాది కూడా స్ట్రైకరు పొట్టివాడే, ఎడమవైపు కుడికాలి వాళ్ళే. కానీ స్టాండులు నిండాయి, ఆటంతా ఒకటే మోత, కొండ ఏం చెబుతోందో పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. దయాసాగర్ ఉత్తరాలు మళ్ళీ మొదలుపెట్టాడు. ఆరో స్థానం దాకా వచ్చారు.

తొమ్మిదో ఆట రోజు మాత్రం డెబ్బయ్యో నిమిషం దాటుతుండగా ఎవరూ చెప్పకుండానే జనం అరుపు ఆపారు. గేటు దగ్గర బాణలి ముందు కూర్చున్న మారెక్క గరిటె పక్కన పెట్టి లోపలికి వచ్చి నిలబడింది. సరోజమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది. కొండ మొదలుపెట్టింది. ముందు మూడు చెప్పుదెబ్బలు, ఒక్క మనిషివి, తొందర లేకుండా. తరువాత బొంగురు గొంతు, మీ నాయన నలభైమంది పానాలు కాపాడినోడప్పా. ఆ వెనక వేల గొంతులు, దురుగప్ప కొడుకువి, దురుగప్ప కొడుకువి అని. గోలు ముందు పరశురామ్ చేతులు దించుకుని విన్నాడు. రెఫరీ కూడా బాలు చంకలో పెట్టుకుని ఆగాడు. మారెక్క మొగుడి పేరు వినిపించినంతసేపూ తల మీది కొంగు సర్దుకుంటూ నిలబడింది.

కొండ ఇచ్చింది ఒకసారే ఇస్తుంది. ఆ చప్పుడు అణిగిపోయింది. అప్పుడు సరోజమ్మ వంగి చెప్పు తీసింది. దయాసాగర్ గొంతు సవరించుకుని లేచి నిలబడ్డాడు. స్టాండంతా మళ్ళీ అరవడం మొదలుపెట్టింది, వచ్చే ఏడాదికి.